ఆస్పిరిన్ నాన్నగారికి ఎందుకు ఆపమన్నారు, మామయ్యకు ఎందుకు వద్దన్నారు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ నాన్నగారికి 76 ఏళ్లు. బీపీ ఉంది, మాత్రతో అదుపులో ఉంది. గుండెపోటు గానీ పక్షవాతం గానీ ఎప్పుడూ రాలేదు. 58 ఏళ్ల వయసులో "గుండెకు మంచిది" అని ఒక డాక్టర్ రాసిచ్చిన 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ అప్పటి నుంచి రోజూ వేసుకుంటున్నారు. ఇప్పుడు చూస్తున్న డాక్టర్ అది ఇక అక్కర్లేదు, ఆపేయండి అన్నారు. రెండేళ్ల కిందట గుండెపోటు వచ్చి స్టెంట్ వేయించుకున్న మీ మామయ్యకు మాత్రం అదే డాక్టర్ "ఎవరేం చెప్పినా ఆపకండి" అన్నారు. నాన్నగారికి టెన్షన్ పట్టుకుంది. "ఇన్నేళ్లు నన్ను కాపాడింది ఇదే, ఇప్పుడు ఆపాక ఏమైనా అయితే?" అంటున్నారు. పరిశోధనలు పూటకో మాట చెబుతుంటే దేన్ని నమ్మాలని మీరు అడుగుతున్నారు.

రెండు సలహాలూ సరైనవే. నేను మీ నాన్నగారిని చూడలేదు కాబట్టి ఆయన విషయంలో చివరి మాట ఆయన డాక్టర్‌దే. కానీ మీరు రాసిన వివరాలు అవే అయితే నేనూ అదే చెప్పేవాణ్ని. ఇరవై ఏళ్ల కిందట అడిగి ఉంటే నేను కూడా ఆయనకు ఆ మాత్ర రాసేవాణ్ని. ఈ రెండు వాక్యాల మధ్య ఏం జరిగిందో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నాన్నగారి భయం "డాక్టర్ చెప్పారు, ఆపేయండి" అంటే పోయేది కాదు.

ముందు ఆ మాత్ర లోపల ఏం చేస్తుందో చూద్దాం. అందరూ దాన్ని రక్తం పలచబడే మాత్ర అంటారు. రక్తం ఏమీ పలచబడదు. రక్తంలో ప్లేట్‌లెట్లు అనే చిన్న చిన్న కణాలు ఉంటాయి. రక్తనాళానికి ఎక్కడైనా గాయమైతే అవి అక్కడికి చేరి ఒకదానికొకటి అతుక్కుని రంధ్రం మూసేస్తాయి. అలా అతుక్కోమని పిలిచే రసాయనం తయారు కావాలంటే ఒక ఎంజైమ్ కావాలి. ఆస్పిరిన్ ఆ ఎంజైమ్‌ను శాశ్వతంగా పాడుచేస్తుంది. మామూలు కణమైతే కొత్త ఎంజైమ్ తయారు చేసుకుంటుంది, కానీ ప్లేట్‌లెట్‌కు కేంద్రకం లేదు, తయారు చేసుకోలేదు. అది బతికి ఉండే వారం పది రోజులూ అలాగే ఉండిపోతుంది. అందుకే ఇంత చిన్న డోసు రోజుకొక్కసారి వేసుకున్నా సరిపోతుంది.

గుండె రక్తనాళంలో కొవ్వు పేరుకున్న చోట పైపొర చిట్లితే ప్లేట్‌లెట్లు దాన్ని కూడా గాయమే అనుకుని గుమిగూడతాయి, గడ్డ కడుతుంది, నాళం మూసుకుపోతుంది. గుండెపోటు చాలా వరకు వచ్చేది ఇలాగే. ఆస్పిరిన్ ఆ గుమిగూడటాన్ని తగ్గిస్తుంది. కడుపులో చిన్న పుండు ఉన్నప్పుడు దాన్ని మూయడానికి చేరాల్సిన ప్లేట్‌లెట్లను కూడా అది అదే విధంగా ఆపేస్తుంది. దానికి తోడు కడుపు లోపలి పొరను కాపాడే రసాయనాలను కూడా తగ్గిస్తుంది. కాబట్టి బ్లీడింగ్ అనేది ఈ మందుకు ఎప్పుడో ఒకసారి కలిగే సైడ్ ఎఫెక్ట్ అని నేను అనుకోను. గుండెలో మనకు కావాల్సిన పని ఏదో, కడుపులో, మెదడులో మనకు వద్దనిపించే పని కూడా అదే. 1950 ప్రాంతంలో అమెరికాలో లారెన్స్ క్రేవెన్ అనే డాక్టర్‌కు ఈ మందును గుండె కోసం వాడాలనే ఆలోచన రావడానికి కారణం కూడా బ్లీడింగే. టాన్సిల్స్ ఆపరేషన్ అయ్యాక నొప్పికి ఆస్పిరిన్ ఉన్న చూయింగ్ గమ్ ఎక్కువగా నమిలినవాళ్లకు రక్తం ఆగకపోవడం ఆయన గమనించారు. రక్తం గడ్డకట్టకుండా చేస్తుందంటే గుండెపోటు కూడా ఆపుతుందేమో అని ఊహించారు.

ఆ ఊహ నిజమని గట్టిగా తేలింది 1988లో. ఐసిస్-2 అనే ట్రయల్‌లో గుండెపోటు వచ్చిందని అనుమానంతో ఆస్పత్రిలో చేరిన 17,187 మందిని తీసుకున్నారు. సగం మందికి నెల రోజులు ఆస్పిరిన్, మిగతా సగానికి చూడ్డానికి అలాగే ఉండే డమ్మీ మాత్ర. ఎవరికి ఏది ఇవ్వాలో లాటరీ తీసినట్టు నిర్ణయించారు. అయిదు వారాల్లో గుండె, రక్తనాళాల కారణంగా చనిపోయినవాళ్లు డమ్మీ మాత్ర గుంపులో 100కి 11.8 మంది, ఆస్పిరిన్ గుంపులో 9.4 మంది. అంటే వెయ్యి మందికి ఇస్తే 24 ప్రాణాలు, అదీ ఒక్క నెల మాత్రలతో. ఇంత చవకైన మందుతో ఇంత ఫలితం వైద్యంలో చాలా అరుదు. ఇప్పటికీ గుండెపోటు అని అనుమానం వస్తే ఆస్పిరిన్ నమిలించడం వెనక ఉన్నది ఈ ట్రయలే. మీ మామయ్య మాత్రకు మూలం కూడా ఇక్కడే ఉంది: ఒకసారి నాళం పూడుకుపోయినవాళ్లకు, స్టెంట్ ఉన్నవాళ్లకు మళ్లీ గడ్డకట్టే అవకాశం ఎక్కువ, కాబట్టి మందు వల్ల మిగిలేదీ ఎక్కువే. ఆ తర్వాత వచ్చిన ట్రయల్స్ కూడా ఈ మాటనే బలపరిచాయి.

ఆ ట్రయల్ గురించి ఇంకో విషయం చెప్పకుండా ఉండలేను. ఫలితాలు ప్రచురించేటప్పుడు వయసు వారీగా, జబ్బు వారీగా చిన్న చిన్న గుంపులుగా విడదీసి చూపించమని పత్రిక సంపాదకులు అడిగారు. పరిశోధకులకు అది ఇష్టం లేదు. అలా ముక్కలు చేసుకుంటూ పోతే ఏదో ఒక ముక్కలో యాదృచ్ఛికంగా వింత ఫలితం కనిపిస్తుందని వాళ్లకు తెలుసు. అది నిరూపించడానికి రోగులను పుట్టిన రాశి ప్రకారం విడదీసి ఆ లెక్క కూడా వ్యాసంలో పెట్టారు. మిథున, తులా రాశుల వాళ్లకు ఆస్పిరిన్ పనిచేయలేదనీ, మిగతా రాశుల వాళ్లకు బ్రహ్మాండంగా పనిచేసిందనీ వచ్చింది! "ఫలానా వాళ్లలో మాత్రం ఈ మందు అద్భుతంగా పనిచేసింది" అనే వార్త కనిపించినప్పుడల్లా నాకు ఆ పట్టిక గుర్తొస్తుంది. ట్రయల్ మొదలు కాకముందే ఆ గుంపును విడిగా చూస్తామని రాసుకున్నారా, ఫలితం వచ్చాక వెతికి పట్టుకున్నారా అని చూడటం అప్పటి నుంచి నాకు అలవాటైపోయింది.

ఇప్పుడు నాన్నగారి మాత్ర. గుండెపోటు వచ్చినవాళ్లకు మంచిదైతే రానివాళ్లకు రాకుండా కాపాడదా? సహజంగా వచ్చే ఆలోచనే. దీన్ని పరీక్షించిన పెద్ద ట్రయల్ 1982లో అమెరికాలో మొదలైంది. పాల్గొన్నవాళ్లంతా మగ డాక్టర్లే, 22,071 మంది. రోజు విడిచి రోజు 325 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ లేదా డమ్మీ మాత్ర. సగటున అయిదేళ్లు గడిచాక గుండెపోట్లు 44 శాతం తగ్గాయని తేలింది. ఫలితం అంత స్పష్టంగా ఉందని ట్రయల్‌లో ఆస్పిరిన్ భాగాన్ని ముందే ఆపేశారు. ప్రపంచమంతా పతాక శీర్షికలు. 44 శాతం అంటే ఎవరు కాదంటారు?

అదే ఫలితాన్ని మనుషుల లెక్కలో చూడండి. డమ్మీ మాత్ర వేసుకున్న 11,034 మందిలో 239 మందికి గుండెపోటు వచ్చింది. ఆస్పిరిన్ వేసుకున్న 11,037 మందిలో 139 మందికి వచ్చింది. వెయ్యి మంది అయిదేళ్లు వేసుకుంటే సుమారు 22 గుండెపోట్లు 13 అయ్యాయి. తొమ్మిది మందికి మేలు జరిగింది. ఆ తొమ్మిది మందికి అది చిన్న విషయం కాదు, నిజమే. కానీ మిగతా 991 మందికి మాత్ర వేసుకున్నా వేసుకోకపోయినా గుండెపోటు విషయంలో ఒకటే ఫలితం. పతాక శీర్షికకు ఎక్కనివి ఇంకొన్ని ఉన్నాయి. గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోయినవాళ్లు ఒక గుంపులో 81, ఇంకో గుంపులో 83, అంటే తేడా లేదు. రక్తం ఎక్కించాల్సి వచ్చినవాళ్లు ఆస్పిరిన్ వైపు 48 మంది, డమ్మీ వైపు 28. మెదడులో రక్తస్రావంతో వచ్చిన పక్షవాతాలు ఆస్పిరిన్ వైపు 23, డమ్మీ వైపు 12. ఈ లెక్కలేవీ దాచలేదు, ఆ వ్యాసంలోనే ఉన్నాయి. మనమే 44 దగ్గర ఆగిపోయాం. ఇందులో నేనూ ఉన్నాను.

శాతం ఎప్పుడూ "దేంట్లో శాతం" అని అడిగించుకోవాలి. వెయ్యిలో ఇద్దరికి వచ్చే జబ్బు ఒకరికి తగ్గినా 50 శాతమే, రెండు వందల మందికి వచ్చేది వంద మందికి తగ్గినా 50 శాతమే. ఆరోగ్యంగా ఉన్న మనిషికి, జబ్బు పడిన మనిషికి ఒకే మందు ఒకే శాతం మేలు చేయొచ్చు. కానీ చేతికి అందే మేలు వాళ్లకు ముందే ఎంత ప్రమాదం ఉందో దాన్ని బట్టి ఉంటుంది. బ్లీడింగ్ మాత్రం అలా కాదు, గుండెజబ్బు లేదని అది తగ్గదు. పైగా వయసు పెరిగే కొద్దీ పెరుగుతుంది. మామయ్య విషయంలో తక్కెడ ఒకవైపు, నాన్నగారి విషయంలో ఇంకోవైపు మొగ్గడానికి కారణం ఇదే.

దీన్ని తేల్చినది 2018. ఆ ఒక్క ఏడాదిలోనే మూడు పెద్ద ట్రయల్స్ ఫలితాలు వచ్చాయి. మీ నాన్నగారికి నేరుగా వర్తించేది ఆస్ప్రీ. ఆస్ట్రేలియా, అమెరికాల్లో గుండెజబ్బు, పక్షవాతం, మతిమరుపు జబ్బు లేని 19,114 మంది పెద్దవాళ్లు అందులో ఉన్నారు. దాదాపు అందరూ 70 దాటినవాళ్లే. రోజూ 100 మిల్లీగ్రాములు, మధ్యస్థంగా 4.7 ఏళ్లు. ఆ పరిశోధకులు ఒక మంచి పని చేశారు: గుండెపోట్లు మాత్రమే లెక్కపెట్టలేదు. మనిషి తన పనులు తాను చేసుకుంటూ, మతి స్థిమితంగా ఎన్నాళ్లు బతికాడన్నది ప్రధాన కొలతగా పెట్టుకున్నారు. 76 ఏళ్ల మనిషికి కావాల్సింది అదే కదా. ఆ కొలతలో ఆస్పిరిన్‌కు, డమ్మీ మాత్రకు తేడా రాలేదు. గుండె, రక్తనాళాల జబ్బులు చెప్పుకోదగినంత తగ్గలేదు. పెద్ద రక్తస్రావాలు మాత్రం వెయ్యి మందిలో 28 నుంచి 38కి పెరిగాయి.

ఆ ట్రయల్‌లో మరణాలు కూడా ఆస్పిరిన్ గుంపులో కొంచెం ఎక్కువ వచ్చాయి, 5.2 శాతానికి బదులు 5.9 శాతం. ఎక్కువైనవి ప్రధానంగా క్యాన్సర్ మరణాలు. ఇది చదివి నాన్నగారు భయపడొద్దు. అంతకు ముందు ట్రయల్స్‌లో అలా రాలేదు, కాబట్టి దీన్ని జాగ్రత్తగా అర్థం చేసుకోవాలని ఆ పరిశోధకులే రాశారు. నేనూ దాన్ని పట్టుకుని ఎవరినీ భయపెట్టను. నాన్నగారికి ఆపమనడానికి బ్లీడింగ్ లెక్క ఒక్కటి చాలు.

రెండోది అసెండ్, 15,480 మంది షుగర్ ఉన్నవాళ్ల మీద సగటున 7.4 ఏళ్లు చేసింది. ఇక్కడ ఆస్పిరిన్ పనిచేసింది: గుండెపోటు, పక్షవాతం లాంటివి వంద మందిలో 9.6 నుంచి 8.5కి తగ్గాయి. పెద్ద రక్తస్రావాలు 3.2 నుంచి 4.1కి పెరిగాయి. వెయ్యి మందిలో పదకొండు మందికి మేలు, తొమ్మిది మందికి కీడు. మూడోది అరైవ్, ఓ మాదిరి ప్రమాదం ఉన్న 12,546 మంది మీద చేసింది. మేలు కనిపించలేదు, కడుపు, పేగుల బ్లీడింగ్ రెట్టింపైంది. ఈ మూడో ట్రయల్‌లో నాకు ముఖ్యంగా అనిపించింది వేరే సంగతి. పాత లెక్కల ప్రకారం వీళ్లకు ఇన్ని గుండెపోట్లు వస్తాయని అంచనా వేసుకున్నారు, కానీ అంతకంటే చాలా తక్కువ వచ్చాయి.

పరిశోధనలు పూటకో మాట చెబుతున్నాయన్న మీ మాటకు నా జవాబు ఇక్కడే ఉంది. 1980ల పరిశోధన తప్పు కాదు. అప్పటి మనుషులు వేరు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందులు అప్పుడే పుడుతున్నాయి. బీపీకి ఇంత గట్టిగా వైద్యం చేసేవాళ్లం కాదు. పొగ తాగేవాళ్లు ఎక్కువ. గుండెపోట్లు ఎక్కువ కాబట్టి వాటిని కాస్త తగ్గించే మాత్రకు పని ఉండేది. ఇప్పుడు బీపీ మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర, సిగరెట్ మానడం కలిసి ఆ పని చాలా వరకు చేసేశాయి. ఆస్పిరిన్‌కు మిగిలిన పని తగ్గింది, బ్లీడింగ్ తగ్గలేదు. నాన్నగారు ఇన్నాళ్లు బాగున్నారంటే అందులో పెద్ద పాత్ర ఆయన బీపీ మాత్రది. ఈ మాట ఆయనకు తప్పకుండా చెప్పండి. ఆస్పిరిన్ ఆపమన్నారని ఆ ఊపులో బీపీ మాత్ర కూడా మానేసినవాళ్లను చూశాను, అది చాలా ప్రమాదం.

ఈ ఫలితాల తర్వాత మార్గదర్శకాలు మారాయి. 2019లో అమెరికా గుండె వైద్యుల సంఘాలు 70 దాటినవాళ్లకు ముందుజాగ్రత్తగా ఆస్పిరిన్ రొటీన్‌గా ఇవ్వొద్దన్నాయి. 2022లో అక్కడి నివారణ వైద్య నిపుణుల టాస్క్‌ఫోర్స్ 60 ఏళ్లు, ఆపైన ఉన్నవాళ్లకు కొత్తగా మొదలుపెట్టొద్దంది. 40 నుంచి 59 మధ్య ఉండి, పదేళ్లలో గుండెజబ్బు వచ్చే అవకాశం 10 శాతమో అంతకంటే ఎక్కువో ఉండి, బ్లీడింగ్ భయం లేనివాళ్లు డాక్టర్‌తో మాట్లాడి నిర్ణయించుకోవచ్చు. ముందే వేసుకుంటున్నవాళ్లు 75 దగ్గర ఆపే విషయం ఆలోచించాలి అని కూడా చెప్పింది.

బ్లీడింగ్ అంటే అంకెల్లో తెలిసేది కొంతే. ఒక పెద్దాయన నా దగ్గరికి చాలా ఏళ్లు వచ్చేవారు. గుండెజబ్బు లేదు. బీపీ చూపించుకుని, మందుల చీటీ తిరగరాయించుకుని వెళ్లేవారు. ఒకసారి మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోంది, వయసు మీద పడింది అన్నారు. ముఖం పాలిపోయి ఉంది. కొన్ని వారాలుగా విరేచనం నల్లగా, తారులా వస్తోందట. అది చెప్పాల్సిన విషయమని ఆయనకు తెలియదు, ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. హిమోగ్లోబిన్ 6. కడుపులో పుండు నుంచి కొద్దికొద్దిగా రక్తం పోతూనే ఉంది. రక్తం ఎక్కించి, పుండుకు వైద్యం చేశాక కోలుకున్నారు. ఆయన చీటీలో రెండో వరసలో ఆస్పిరిన్ ఉంది, నా చేతిరాతతోనే. అప్పటికి 2018 ట్రయల్స్ రాలేదు, పుస్తకం ప్రకారం నేను చేసింది తప్పు కాదు. అయినా ఆ చీటీ నన్ను వదల్లేదు. ఇప్పుడు పాత మందులన్నీ తిరగరాసే ముందు ఒక్కో వరస దగ్గర ఆగి, ఇది ఈయనకు ఇవాళ కొత్తగా మొదలుపెడతానా అని చూసుకుంటున్నాను.

రక్తం ఇలా కనిపించకుండా పోవడం అరుదు కూడా కాదు. ఆస్ప్రీలో పాల్గొన్నవాళ్ల మీదే తర్వాత చేసిన విశ్లేషణలో, ఆస్పిరిన్ వేసుకున్నవాళ్లలో రక్తహీనత 20 శాతం ఎక్కువగా వచ్చినట్టు 2023లో ప్రచురించారు. అదే ఏడాది వచ్చిన మరో విశ్లేషణలో పుర్రె లోపలి రక్తస్రావాలు వెయ్యి మందిలో 8 నుంచి 11కి పెరిగాయి. గడ్డకట్టి వచ్చే పక్షవాతాలు చెప్పుకోదగినంత తగ్గలేదు. పెద్దవాళ్లు పడిపోతారు, తలకు దెబ్బ తగులుతుంది, దాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

"పైన కోటింగ్ ఉన్న మాత్ర వేసుకుంటే కడుపుకు ఏమీ కాదట కదా" అని చాలామంది అడుగుతారు. కోటింగ్ వల్ల మాత్ర కడుపులో కాకుండా పేగులో కరుగుతుంది. కానీ హాని ఎక్కువగా రక్తంలో కలిశాక జరిగేది కాబట్టి కోటింగ్ బ్లీడింగ్‌ను పెద్దగా ఆపదు. తప్పనిసరిగా ఆస్పిరిన్ వాడాల్సినవాళ్లకు, ముఖ్యంగా పెద్దవాళ్లకు, కడుపులో ఆమ్లం తగ్గించే మాత్ర తోడుగా ఇవ్వడం నిజంగా ఉపయోగపడుతుంది. మామయ్య డాక్టర్‌ను ఈ సంగతి అడగమనండి. మోకాళ్ల నొప్పికో తలనొప్పికో ఇబుప్రోఫెన్ లాంటివి తనంతట తాను కొనుక్కుని వేసుకుంటున్నారేమో కూడా కనుక్కోండి. ఇబుప్రోఫెన్ ముందే వేసుకుంటే అది ఆ ఎంజైమ్‌లో ఆస్పిరిన్ చేరాల్సిన చోటును ఆక్రమిస్తుంది. ఆస్పిరిన్ సరిగా పనిచేయకపోవచ్చు, బ్లీడింగ్ భయం మాత్రం ఇంకా పెరుగుతుంది.

ఇక ఆపితే ఏమవుతుందన్న భయం. 2018 ట్రయల్స్ ప్రధానంగా పరీక్షించింది మొదలుపెట్టడాన్ని, ఏళ్ల తరబడి వేసుకున్నది ఆపడాన్ని కాదు. నాన్నగారు ఈ మాట అడిగితే సరైన ప్రశ్నే అడిగినట్టు. ఆపడం గురించి ఎక్కువగా చెప్పుకునేది 2017లో స్వీడన్ నుంచి వచ్చిన అధ్యయనం. చిన్న డోసు ఆస్పిరిన్ వాడుతున్న ఆరు లక్షల మంది రికార్డులు చూశారు. ఆపినవాళ్లకు గుండెపోటు, పక్షవాతం లాంటివి 37 శాతం ఎక్కువ వచ్చాయి. ఇది చదివి చాలామంది హడలిపోయారు. కానీ ఇది లాటరీ తీసి చేసిన ట్రయల్ కాదు. మాత్ర ఎందుకు ఆపారన్నది ముఖ్యం. ఒంట్లో బాగాలేక, ఇంకో జబ్బు వచ్చి ఆపినవాళ్లు అందులో ఉండొచ్చు, వాళ్లకు ప్రమాదం ముందే ఎక్కువ. పైగా ఆపడం వల్ల ఎక్కువ దెబ్బ తిన్నది అంతకు ముందే గుండెజబ్బు ఉన్నవాళ్లు: వాళ్లలో ప్రతి 36 మంది ఆపితే ఏడాదికి ఒకరికి అదనంగా ఏదో ఒకటి వచ్చింది. ఈ అంకె నేను నాన్నగారికి చెప్పను, మామయ్యకు చెబుతాను. పక్కింటాయన మాట విని, లేదా పన్ను పీకించుకోవాలని, స్టెంట్ ఉన్న మనిషి తనంతట తాను ఆస్పిరిన్ ఆపితే స్టెంట్‌లో గడ్డకట్టే ప్రమాదం ఉంది. నాన్నగారికి డాక్టర్ ఆపమన్న వార్త ఇంట్లో చర్చకు వచ్చినప్పుడు మామయ్య కూడా "నాకూ వద్దేమో" అనుకోకుండా చూసుకోండి. మీ ప్రశ్నలో నాకు నిజంగా ఆందోళన కలిగించింది ఇదొక్కటే.

మామయ్య మందుల చీటీ కూడా మారొచ్చు, మారితే కంగారు పడొద్దు. స్టెంట్ వేశాక కొంతకాలం రెండు ప్లేట్‌లెట్ మందులు ఇచ్చి, తర్వాత ఒకటి కొనసాగిస్తారు. ఆ ఒకటి ఆస్పిరినే అయ్యుండాలని ఇదివరకు అనుకునేవాళ్లం. 2025లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన దక్షిణ కొరియా ట్రయల్‌లో, మళ్లీ జబ్బు వచ్చే ప్రమాదం ఎక్కువ ఉన్న 5,506 మందిలో సగానికి ఆస్పిరిన్ బదులు క్లోపిడోగ్రెల్ అనే మరో ప్లేట్‌లెట్ మందు ఒక్కటే ఇచ్చారు. మూడేళ్లలో మరణం, గుండెపోటు, పక్షవాతం కలిపి చూస్తే ఆస్పిరిన్ వైపు 6.6 శాతం, క్లోపిడోగ్రెల్ వైపు 4.4 శాతం. బ్లీడింగ్‌లో తేడా లేదు. ఇంకోటి, గుండె లయ తప్పడం వల్ల రక్తం గడ్డకట్టకుండా వేరే రకం మందు వేసుకుంటున్నవాళ్ల గురించి. స్టెంట్ వేసి ఆరు నెలలు దాటిన అలాంటి 872 మందికి ఆ మందుకు ఆస్పిరిన్ జోడిస్తే మేలేమో అని ఫ్రాన్స్‌లో చూశారు. జోడించినవాళ్లలో మరణాలు 13.4 శాతం, జోడించనివాళ్లలో 8.4 శాతం. పెద్ద రక్తస్రావాలు మూడు రెట్లు. ట్రయల్‌ను మధ్యలోనే ఆపేశారు. ఇది కూడా 2025లోదే. అంటే స్టెంట్ ఉన్నా, ఇంకో మందు తోడైతే లెక్క మారుతుంది.

ఇదంతా చదివి ఆస్పిరిన్ మంచి మందు కాదనుకోకండి. ప్రీఎక్లాంప్సియా, అంటే గర్భిణుల్లో బీపీ ప్రమాదకరంగా పెరిగే జబ్బు, వచ్చే అవకాశం ఎక్కువ ఉన్నవాళ్లకు 11 నుంచి 14 వారాల మధ్య మొదలుపెట్టి రోజూ రాత్రి 150 మిల్లీగ్రాములు ఇస్తే, నెలలు నిండక ముందే వచ్చే ఆ జబ్బు 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గిందని 2017లో తేలింది. 2025లో స్వీడన్, డెన్మార్క్, నార్వే, ఫిన్లాండ్‌ల నుంచి ఇంకా ఆశ్చర్యకరమైన ఫలితం వచ్చింది. పెద్దపేగు, పురీషనాళం (రెక్టమ్) క్యాన్సర్‌కు ఆపరేషన్ అయినవాళ్లలో కణితిలో పీఐ3కే అనే జన్యు మార్గంలో మార్పు ఉన్నవాళ్లను మాత్రమే ఎంచుకుని మూడేళ్లు 160 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇచ్చారు. క్యాన్సర్ తిరిగి రావడం దాదాపు సగమైంది, ప్రధానంగా చూసిన గుంపులో 14.1 శాతం నుంచి 7.7కి. ఆ గుంపును ట్రయల్ మొదలుపెట్టక ముందే నిర్ణయించుకున్నారు, రాశుల లెక్కలా తర్వాత వెతికింది కాదు. నూరేళ్లు దాటిన మందుకు కొత్త పని దొరకడం చూస్తే నాకు చాలా సంతోషంగా ఉంది.

నాన్నగారి దగ్గరికి వస్తే, చిన్న డోసు ఆస్పిరిన్ మెల్లగా తగ్గిస్తూ రావాల్సిన మందు కాదు. రోజూ దాదాపు పదో వంతు ప్లేట్‌లెట్లు కొత్తవి వస్తాయి కాబట్టి ఆపాక దాని ప్రభావం వారం పది రోజుల్లో దానంతట అదే పోతుంది. ఆపే ముందు ఒక్క విషయం డాక్టర్‌తో సరిచూసుకోండి: ఆయనకు ఎప్పుడైనా స్కాన్‌లో చిన్న పక్షవాతం ఆనవాలు, కాళ్ల రక్తనాళాల్లో పూడిక, గుండె పరీక్షలో ఏదైనా తేడా కనబడిందా? కనబడి ఉంటే ఆయన మామయ్య గుంపులోకి వస్తారు, జవాబు మారుతుంది. ఛాతీలో నొప్పి వస్తే అప్పుడు వేసుకోవచ్చా అని ఆయన తప్పకుండా అడుగుతారు. ముందు అంబులెన్స్‌కు ఫోన్ చేయాలి, వాళ్లు వేసుకోమంటే నమిలి మింగాలి. మూతి వంకర పోవడం, చేయి పడిపోవడం లాంటివైతే మాత్రం వేసుకోకూడదు. అది మెదడులో రక్తస్రావం కావచ్చు, స్కాన్ చేయకుండా తెలియదు.

ఆయనకు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించి ఎన్నాళ్లయిందో మీరు రాయలేదు. ఈ వారంలో ఒకసారి చేయించండి. పాత రిపోర్టు ఉంటే అది కూడా తీసుకెళ్లి, రెండూ పక్కపక్కన పెట్టి చూడమనండి. రెండేళ్లలో రెండు పాయింట్లు తగ్గి ఉంటే, అంకె నార్మల్ అని రాసి ఉన్నా సరే, విరేచనం రంగు గురించి డాక్టర్ అడిగే దాకా ఆగకుండా మీరే చెప్పండి.